పోపుల డబ్బాలో ఒకే ఇంటిపేరు

(ఈ)-ఎన్-[(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)మిథైల్]-8-మిథైల్‌నాన్-6-ఈనమైడ్.

ఊపిరి తీసుకోకుండా దీన్ని చదవడం కష్టం. రెండోసారి చదివినా నాలుక తడబడుతుంది. ఒక సీసా మీద ఈ అక్షరాలు రాసి వంటింట్లో పెడితే ఎవరూ దాని జోలికి పోరు, పిల్లలకు అందకుండా అటక మీదికి ఎక్కించేస్తారు. ఆ ఇంటివాళ్లే దీన్ని రెండు పూటలా తింటున్నారు. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోగానే చెవుల్లోంచి పొగలు రప్పించేది ఇదే. మిరపకాయ బజ్జీ కొరికినవాడి చేత గ్లాసుల కొద్దీ మంచినీళ్లు తాగించేది ఇదే. దీని పొట్టి పేరు క్యాప్సేసిన్. గుంటూరు మిరపకాయలో ఉండే కారం ఇదే.

రసాయన శాస్త్రం అనగానే చాలామందికి ఇలాంటి పేర్లే గుర్తొస్తాయి. మెత్, ఎత్, ప్రాప్, బ్యూట్ అని బట్టీపట్టి, పరీక్ష హాలు గేటు దాటగానే మరిచిపోయినవాళ్లు ఎందరో. వీటిని చూస్తే నవ్వొస్తుంది, నవ్వుకోవాల్సిందే. నవ్వుకున్నాక మాత్రం పేరును ఒకసారి విప్పి చూడమంటాను. మన పోపుల డబ్బాలో పక్కపక్క గిన్నెల్లో ఉంటూ కూడా ఒకదానికొకటి ఏమీ కానట్టు కనిపించే సరుకుల మధ్య చుట్టరికం ఉంది. పొట్టి పేర్లు దాన్ని దాచేస్తాయి. పొడుగు పేరు దాన్ని బయటపెడుతుంది.

పొడుగు పేర్లు లేని రోజుల్లో సంగతి ఎలా ఉండేదో ముందు చూద్దాం. 18వ శతాబ్దపు ఐరోపా రసాయనశాలలో అల్మరా తెరిస్తే వంటసరుకుల పేర్లే కనిపించేవి. ఆంటిమొనీ వెన్న. సీసపు చక్కెర. విట్రియాల్ నూనె. పక్కనే జింకు పువ్వులు, గంధకపు కాలేయం. ఆంటిమొనీ వెన్న చూడటానికి మెత్తగా వెన్నముద్దే. నిజానికి అది ఆంటిమొనీ ట్రైక్లోరైడు, చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. విట్రియాల్ నూనె గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. చిక్కగా, జిడ్డుగా కారుతుంది కాబట్టి నూనె అన్నారు. అన్నిటికంటే ప్రమాదం సీసపు చక్కెర. నాలుక మీద తియ్యగా ఉంటుంది, అందుకే ఆ పేరు. లోపల ఉన్నది లెడ్ ఎసిటేట్, అచ్చమైన విషం. ఆ పేరు పెట్టినవాడికి రుచి తెలిసింది గానీ అది చేసే చేటు తెలియలేదు.

మన దగ్గరా ఇంతే. మైలుతుత్తం, అన్నభేది, పటిక, నవసాగరం, సురేకారం, వెలిగారం, ఇంగిలీకం. ఈ మాటలంటే నాకు ప్రాణం. బోర్డో మిశ్రమం కలిపే రైతు నోట మైలుతుత్తం అన్న మాట వింటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది, అది పోకూడదు. అయితే మైలుతుత్తాన్నీ అన్నభేదినీ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. ఒకటి నీలం, ఇంకొకటి లేతాకుపచ్చ. పేర్లలో ఏ పోలికా లేదు. కాపర్ సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్ అనగానే రెండూ సల్ఫేట్లేననీ, ఒకదాంట్లో రాగి, రెండోదాంట్లో ఇనుము ఉందనీ తెలిసిపోతుంది. ఇలా తెలిసేలా పేర్లు ఉండాలని 1787లో ఫ్రాన్సులో గైటన్ ద మొర్వో, లవోయిజే, బెర్తొలే, ఫూర్‌క్రా అనే నలుగురు కలిసి ఒక పుస్తకం వేశారు. పదార్థంలో ఏముందో పేరులోనూ అదే ఉండాలన్నది వాళ్ల పట్టు. లవణాలు, ఆమ్లాల వరకు ఆ పద్ధతి చక్కగా కుదిరింది.

చిక్కంతా కర్బన సమ్మేళనాలతో వచ్చింది. కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్, నత్రజని అనే నాలుగు మూలకాలతోనే లక్షల పదార్థాలు తయారవుతాయి. వాటిలో ఏముందో చెబితే సరిపోదు, ఏది ఎక్కడ అతుక్కుందో చెప్పాలి. అది తెలియని రోజుల్లో ఎక్కడ దొరికితే ఆ పేరే పెట్టారు. చీమలను స్వేదనం చేసి తీసిన ఆమ్లం ఫార్మిక్ ఆమ్లం అయింది, లాటిన్‌లో చీమ పేరు అదే. మేక పాలలోని కొవ్వుకు కాస్త వాసన తెచ్చే ఆమ్లాలు మూడున్నాయి. లాటిన్‌లో మేకను కాప్రా అంటారు గనక వాటికి కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని పేర్లు పెట్టేశారు. ఏది ఏదో గుర్తుపెట్టుకోలేక ఎన్ని తరాల విద్యార్థులు జుట్టు పీక్కున్నారో! హెక్సనోయిక్, ఆక్టనోయిక్, డెకనోయిక్ అంటే గొడవే లేదు. కర్బనాలు ఆరు, ఎనిమిది, పది. కుళ్లిన మాంసంలో పుట్టే రెండు పదార్థాలకు 1885లో లుడ్విగ్ బ్రీగర్ పెట్టిన పేర్లు పుట్రెసిన్, కడావరిన్. ఒకదాంట్లో కుళ్లు, రెండోదాంట్లో శవం. బ్యూటేన్-1,4-డైఎమీన్, పెంటేన్-1,5-డైఎమీన్ అన్న పేర్లలో ఆ కంపు లేదు, రెండింటికీ తేడా ఒక్క కర్బనమేనన్న కబురు ఉంది.

ఏముందో తెలియనప్పుడు పేరెలా పెట్టాలి? ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీకి 1920ల చివర్లో ఈ ఇబ్బందే వచ్చింది. ఎడ్రినల్ గ్రంథుల నుంచి, నారింజల నుంచి, క్యాబేజీ నుంచి ఆయన ఒక తెల్లటి పదార్థాన్ని వేరుచేశాడు. చక్కెరల జాతిదే. చక్కెరల పేర్లు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని ‘ఓజ్’తో ముగుస్తాయి కదా. ఇదేమిటో తనకు తెలియదు కాబట్టి తెలియనితనాన్ని సూచించే లాటిన్ మాటకు ఓజ్ తగిలించి ‘ఇగ్నోజ్’ అని రాసి పత్రికకు పంపాడు. సంపాదకుడు ఆర్థర్ హార్డెన్ కుదరదన్నాడు. అయితే ‘గాడ్‌నోజ్’ అందాం అన్నాడు సెంట్-గ్యోర్గీ. అంటే ‘దేవుడికే ఎరుక’ అని. హార్డెన్ దానికీ ఒప్పుకోలేదు. చివరికి ఆరు కర్బనాలున్నాయి గనక హెక్సురోనిక్ ఆమ్లం అనే బుద్ధిమంతుడి పేరుతో వ్యాసం అచ్చయింది. తర్వాత అది స్కర్వీ జబ్బును ఆపుతుందని తేలి ఆస్కార్బిక్ ఆమ్లం అయింది. మనం విటమిన్ సి అంటాం. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నాకు ఇగ్నోజ్ అన్న పేరంటే గౌరవం. తెలిసినంత మేరకే పేరులో చెప్పాలన్న నిజాయితీ అందులో ఉంది.

1892లో జెనీవాలో 9 దేశాల రసాయన శాస్త్రవేత్తలు 34 మంది కూర్చుని కర్బన సమ్మేళనాల పేర్లకు నియమాలు రాయడం మొదలుపెట్టారు. 1919లో పుట్టిన ఐయూపీఏసీ ఆ పనిని అందుకుని ఇప్పటికీ కొనసాగిస్తోంది. ఆ నియమాల చేతిలో పడితే కారం పేరు ఎలా విప్పుకుంటుందో చూద్దాం.

తోక నుంచి మొదలుపెట్టాలి. చివర ‘అమైడ్’ ఉంది. ఒక కర్బనం, దానికి ఒక పక్క ఆక్సిజన్, మరో పక్క నత్రజని. అక్కడి నుంచి లెక్క మొదలు. ‘నాన్’ అంటే ఆ కర్బనంతో కలిపి తొమ్మిది కర్బనాల గొలుసు. ‘6-ఈన్’ అంటే ఆరో కర్బనానికీ ఏడోదానికీ మధ్య జంట బంధం. మొదట్లో బ్రాకెట్లో కనిపించే ‘ఈ’ జర్మన్ మాట ఎంట్‌గేగెన్‌కు మొదటి అక్షరం. ఆ జంట బంధానికి అటూ ఇటూ ఉన్న గొలుసు ముక్కలు ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయని చెబుతుంది. ‘8-మిథైల్’ అంటే ఎనిమిదో కర్బనం మీద ఇంకో కర్బనం కొమ్మ వేసింది, గొలుసు కొస రెండుగా చీలింది. ‘ఎన్’ నత్రజని గుర్తు. ఆ తర్వాత బ్రాకెట్లో ఉన్నదంతా నత్రజనికి అతుక్కుందన్నమాట. ఆ బ్రాకెట్లో ఉన్నది ‘మిథైల్’ అనే ఒక కర్బనం, దానికి తగిలిన ఆరు కర్బనాల వలయం. దాని మీద నాలుగో చోట హైడ్రాక్సీ, మూడో చోట మిథాక్సీ. ఈ కబుర్లు చాలు, ఆ అణువును ఎన్నడూ చూడనివాడు కూడా కాగితం మీద తప్పు లేకుండా గీసేస్తాడు. క్యాప్సేసిన్ అన్న పేరుతో ఆ పని చేయలేడు, ఆ పేరు మిరప మొక్క లాటిన్ పేరు దగ్గరే ఆగిపోతుంది.

ఆ బ్రాకెట్లోని ముక్కను గట్టిగా గుర్తుపెట్టుకోండి. 4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్. అదే ఇంటిపేరు.

ఇప్పుడు పసుపు గిన్నె. అందులోని రంగు కుర్కుమిన్. అసలు పేరు (1ఈ,6ఈ)-1,7-బిస్(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)హెప్టా-1,6-డైఈన్-3,5-డైఓన్. భయపడకండి, బ్రాకెట్లో మన ఇంటిపేరు మళ్లీ వచ్చింది. పైగా ‘బిస్’ అంటోంది, రెండున్నాయి. ఏడు కర్బనాల గొలుసుకు ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. నడుమ జంట బంధాలు, రెండు ‘ఓన్‌’లు. ఈ కొస నుంచి ఆ కొస దాకా బంధాలు వరసగా అల్లుకుపోయి ఉండబట్టే పసుపు పచ్చగా ఉంటుంది. పెళ్లిలో ఎర్రనీళ్లు కలపడం చూసే ఉంటారు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం పడగానే పచ్చదనం పోయి ఎర్రబడుతుంది. వలయాల మీది హైడ్రాక్సీల నుంచి, నడుమ ఉన్న ఓన్‌ల చోటు నుంచి సున్నం హైడ్రోజన్ అయాన్లను లాగేసుకోవడమే దానికి కారణం. ఎక్కడి నుంచి లాగుతుందో ఆ చోట్లన్నీ పేరులోనే రాసి ఉన్నాయి.

అల్లం కథ నాకు మరీ ఇష్టం. పచ్చి అల్లం ఘాటు జింజరాల్‌ది. దాని పేరు 5-హైడ్రాక్సీ-1-(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)డెకేన్-3-ఓన్. మళ్లీ అదే ఇంటిపేరు. అల్లాన్ని ఎండబెడితే శొంఠి. శొంఠిలో జింజరాల్ కొంత షోగాల్‌గా మారిపోతుంది. జపాన్ భాషలో అల్లాన్ని షోగా అంటారు, పేరు అక్కడి నుంచి వచ్చింది. జింజరాల్, షోగాల్ అని వింటే వీటి మధ్య ఏం జరిగిందో తెలియదు. పొడుగు పేరు చూడండి: 1-(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)డెక్-4-ఈన్-3-ఓన్. ముందున్న ‘5-హైడ్రాక్సీ’ మాయమైంది. ‘డెకేన్’ ఉన్న చోట ‘డెక్-4-ఈన్’ వచ్చింది. ఐదో కర్బనం మీది హైడ్రాక్సీ, నాలుగో కర్బనం మీది ఒక హైడ్రోజన్ కలిసి నీటి అణువుగా వెళ్లిపోయాయి. అవి ఖాళీ చేసిన చోట జంట బంధం ఏర్పడింది. అల్లం ఎండటమంటే పైతడి ఆరడం ఒక్కటే అనుకుంటాం. లోపలి అణువు కూడా తన నీటిని వదులుకుంది. షోగాల్ జింజరాల్ కంటే ఘాటు. శొంఠి కాఫీ తాగినవారికి ఆ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పనక్కర్లేదు.

లవంగం దగ్గర చిన్న తిరకాసు ఉంది. యూజినాల్ పేరు 2-మిథాక్సీ-4-(ప్రాప్-2-ఈన్-1-యిల్)ఫినాల్. మన ఇంటిపేరు కనిపించలేదే? ఉంది, వేషం మార్చింది. నియమాల్లో ప్రమేయ సమూహాలకు పెద్దరికం ఉంటుంది. మిరపలో అమైడ్, అల్లంలో కీటోన్ (పేరు చివర ‘ఓన్’గా కనిపించేది) పెద్దవి. వాటి ముందు హైడ్రాక్సీ చిన్నది కాబట్టి పేరు మధ్యలో ఒదిగి కూర్చుంది. లవంగంలో దానికంటే పెద్ద ఎవరూ లేరు. అందుకే తనే ఫినాల్ అనే తోక తగిలించుకుని ఒకటో నంబరు తీసుకుంది. దాంతో పక్కనున్న మిథాక్సీ రెండయింది. బొమ్మ గీస్తే మాత్రం అదే వలయం, అదే హైడ్రాక్సీ, దాని పక్కన అదే మిథాక్సీ. వెనిలా ఐస్‌క్రీమ్‌లో వాసన కూడా ఈ ఇంటిదే. వెనిలిన్ అంటే 4-హైడ్రాక్సీ-3-మిథాక్సీబెంజాల్డిహైడ్. నోటిని మండించేదీ, ఐస్‌క్రీమ్‌ను ఘుమఘుమలాడించేదీ సొంత జ్ఞాతులు! మన నరాలలో కారాన్ని, వేడిని పసిగట్టే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టినప్పుడు దాని పేరులో ‘వెనిలాయిడ్’ అని చేర్చింది ఈ చుట్టరికం వల్లే. ఆ పరిశోధనకే ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

మిరప ఒక కుటుంబం, అల్లం-పసుపు మరో కుటుంబం, లవంగం ఇంకో కుటుంబం. వృక్షశాస్త్రం ప్రకారం ఇవి ఎక్కడెక్కడివో. అయినా ఇదే ముక్క అన్నిట్లో ఎందుకుంది? నిలబడి పెరిగే మొక్క ఏదైనా తన కాండానికి గట్టిదనం కోసం లిగ్నిన్ తయారు చేసుకోవాలి. దానికి కావలసిన ముడిసరుకుల్లో ఒకటి సరిగ్గా ఈ వలయమే. ఫినైల్ఎలనిన్ అనే ఎమైనో ఆమ్లం నుంచి మొక్కలు దీన్ని తయారు చేస్తూనే ఉంటాయి. చేతిలో సిద్ధంగా ఉన్న ఆ ముక్కకే మిరప ఒక గొలుసు తగిలించింది, అల్లం మరో గొలుసు తగిలించింది, పసుపు రెండు ముక్కలను కలిపి కట్టింది. చెక్కలోని లిగ్నిన్ నుంచి వెనిలిన్ తీయగలగడం కూడా అందుకే. పోపుల డబ్బాలో అందరూ ఈ ఇంటివాళ్లే అనుకోకూడదు. ఆవాల ఘాటులో గంధకం ఉంది, దాని వంశం వేరు. జీలకర్రదీ వేరే ఇల్లు.

ఇంత చెప్పి పొడుగు పేర్లే ఎప్పుడూ గొప్పవంటే అన్యాయం. 1964లో షికాగో విశ్వవిద్యాలయంలో ఫిలిప్ ఈటన్, థామస్ కోల్ ఎనిమిది కర్బనాలను ఘనం ఎనిమిది మూలల్లో నిలబెట్టారు. దాన్ని క్యూబేన్ అంటే చిన్న పిల్లవాడికి కూడా ఆకారం తెలుస్తుంది. నియమాల ప్రకారం పేరు పెంటాసైక్లో అని మొదలై, ఒక బారెడు అంకెల తర్వాత ఆక్టేన్ అని ముగుస్తుంది. 3,4,4,5-టెట్రామిథైల్‌సైక్లోహెక్సా-2,5-డైఈనోన్ అనే అణువును కాగితం మీద గీస్తే అచ్చం పెంగ్విన్ బొమ్మ వస్తుంది. అందుకని అందరూ పెంగ్వినోన్ అంటారు. బాగుంది, అలాగే అననిద్దాం. ఐయూపీఏసీ కూడా మొండిగా కూర్చోలేదు. 2013లో వేసిన నియమాల్లో ఫార్మిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం అన్న పాత పేర్లకే మొదటి పీట వేసింది. చీమ గెలిచింది.

జ్వరం బిళ్ల సంగతి ఇంకా సరదా. పారా-ఎసిటైల్ఎమైనోఫినాల్ అన్న పేరులోంచి కొన్ని అక్షరాలు ఏరి పారాసెటమాల్ అన్నారు. అదే పేరులోంచి వేరే అక్షరాలు ఏరి అమెరికావాళ్లు ఎసిటమినోఫెన్ అన్నారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు మందుల షాపులో పారాసెటమాల్ లేదని కంగారు పడనక్కర్లేదు.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు బల్క్ డ్రగ్ ప్లాంట్లలో ఎవరూ పూర్తి పేర్లు పలకరు. అంత తీరిక ఎక్కడిది? టీహెచ్ఎఫ్, డీఎంఎఫ్, ఐపీఏ, ఎండీసీ అంటారు. ఈ ఎండీసీ, అంటే మిథిలీన్ డైక్లోరైడ్, ల్యాబ్‌లోకి వెళ్లగానే డైక్లోరోమీథేన్, డీసీఎం అయిపోతుంది. ఒకే డ్రమ్ములోంచి తీసిన ద్రవానికి రెండు పొట్టి పేర్లు. పొట్టి పేర్లు ఒకటికి నాలుగైనప్పుడు పొరపాటుకు తావుంటుంది, రసాయనాల దగ్గర పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే డ్రమ్ము మీద 75-09-2 అనే సీఏఎస్ నంబరు కూడా ఉంటుంది. పేరు ఎన్ని వేషాలు వేసినా నంబరు మారదు. ప్లాంటులో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఒకటే, పేరుతో పాటు ఆ నంబరునూ చూడండి.

పొడవులో అందరికీ తాత టైటిన్. మన కండరాల్లో స్ప్రింగుగా పనిచేసే ప్రోటీన్. ఎమైనో ఆమ్లాలు 34,350. వాటన్నిటినీ వరసగా కలిపి రాస్తే మిథియోనిల్ అని మొదలై ఐసోల్యూసిన్ అని ముగిసే ఆ పేరులో ఇంగ్లిష్ అక్షరాలు 1,89,819. చదవడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. శాస్త్రవేత్తలెవరూ దాన్ని పేరుగా వాడరు, టైటిన్ అనే అంటారు. కానీ ఆ వరస మాత్రం వాళ్లకు అక్షరాలా కావాలి. జన్యువులో లోపం వల్ల ఆ వరస మధ్యలో తెగిపోతే గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు రావచ్చు.

ఇక చివరగా ఫోలిక్ ఆమ్లం. గర్భిణులకు ఇచ్చే బిళ్లల్లో ఉంటుంది. 1941లో అమెరికాలో టన్నుల కొద్దీ పాలకూర నుంచి తీశారు కాబట్టి లాటిన్‌లో ఆకు పేరు మీద ఫోలిక్ అన్నారు. ఆకు సంగతి తప్ప ఆ పేరులో ఇంకేమీ లేదు. టెరోయిల్ గ్లూటామిక్ ఆమ్లం అంటే లోపలి అమరిక తెలుస్తుంది. ఒక కొసన గోధుమ జిగురులో దొరికిన గ్లూటామిక్ ఆమ్లం. రెండో కొసన సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో మొదట దొరికిన టెరిడిన్ అనే జంట వలయం. ఆ వలయం మీద ఏముందో పూర్తి పేరు చెబుతుంది: ‘2-ఎమైనో-4-ఆక్సో’.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. తర్వాత దాని నకళ్లు తయారు చేయడం మొదలుపెట్టింది. వాటిలో ఒకటి ఎమైనోటెరిన్. దాని పేరులో అదే చోట ‘2,4-డైఎమైనో’ అని ఉంటుంది. నాలుగో చోట ఆక్సో పోయి ఎమైనో వచ్చింది, మిగతా అణువంతా అదే. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని అందుకునే ఎంజైము ఈ నకలును పట్టుకుని ఇక వదలలేదు, పని ఆగిపోతుంది. అదుపు లేకుండా పెరుగుతున్న రక్తకణాలకు అది పెద్ద దెబ్బ. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు ఆ మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. అప్పటిదాకా ఆ జబ్బుకు మందే లేదు. ఫార్బర్ తన వ్యాసం శీర్షికలో ఎమైనోటెరిన్ అన్న పొట్టి పేరుతో పాటు 4-ఎమైనోటెరోయిల్-గ్లూటామిక్ ఆమ్లం అన్న పొడుగు పేరునూ పెట్టారు. ఆ ‘4-ఎమైనో’ చూసిన రసాయన శాస్త్రవేత్తకు ఏది మారిందో వెంటనే తెలిసిపోతుంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఎమైనోటెరిన్ పేరులో ఇంకొక్క ‘మిథైల్’ చేరిస్తే మెథోట్రెక్సేట్. లుకేమియాకు, కీళ్లవాతానికి డాక్టర్లు ఇవాళ్టికీ రాస్తున్న మందు అది.